సాయంత్రం ఏడైతే సైట్ పడిపోతోంది, పైగా పైసలు పంపమని మెయిల్. ఏం చేయాలి?

మగ్గం_కొత్తవాడ
వరంగల్ కొత్తవాడలో మాది దర్రీలు, జంపఖానాలు, దుప్పట్లు అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు. చుట్టుపక్కల నేసేవాళ్ల దగ్గర సరుకు తీసుకుని సొంత వెబ్‌సైట్‌లో పెడతాం. దసరా ముందు నెలే మాకు అసలు గిరాకీ. సరిగ్గా ఇప్పుడే సాయంత్రం ఏడు దాటగానే సైట్ తెరుచుకోవడం లేదు, పదింటికో పదిన్నరకో మళ్లీ దానంతటదే వస్తోంది. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే మీకు ట్రాఫిక్ ఎక్కువైంది, పెద్ద ప్లాన్ తీసుకోండి అన్నారు. తీసుకున్నాం. ఏమీ మారలేదు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఒక మెయిల్ వచ్చింది. సైట్ ఆపుతున్నది మేమే, బిట్‌కాయిన్‌లో ఇంత పంపితే వదిలేస్తాం, లేకపోతే పండగ అయ్యేదాకా లేవనివ్వం అని. మా ఆయన భయపడి ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నేసినవాళ్లకు వారం వారం పైసలు ఇవ్వాలి, అమ్మకం లేకుండా ఎక్కడి నుంచి తేను? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లు_పోరడు
ఒక్క రూపాయి ఇవ్వకు అక్కా. ఆ మెయిల్‌కు జవాబు కూడా రాయకు.

కాజీపేట_జంక్షన్
ముందు అది డీడాసా (వేల చోట్ల నుంచి దొంగ ట్రాఫిక్ పంపి సైట్‌ను ముంచేసే దాడి) కాదా తేల్చుకోండి. పండగ సీజన్, సాయంత్రం ఏడు నుంచి పది అంటే జనం ఫోన్లు పట్టుకుని కూర్చునే వేళ. నిజంగా గిరాకీ పెరిగి సర్వర్ తట్టుకోలేకపోతుండొచ్చు. సైట్ పడిపోవడం చూసి ఎవడో చీకట్లో రాయి వేసి ఉండొచ్చు, ఇలాంటి మెయిళ్లు ఊరికే పంపేవాళ్లు బోలెడు మంది.

పసుపు_నిజామాబాద్
కాజీపేట అన్న చెప్పింది నిజమే, మాకు అట్లనే అయింది. మా పసుపు గురించి ఎవరో రీల్ చేస్తే ఆ రాత్రి సైట్ పడిపోయింది. ఎవడో దాడి చేశాడని మస్తు టెన్షన్ పడ్డాం, చూస్తే అందరూ కొనేవాళ్లే. కానీ ఒక తేడా ఉంది. పడిపోయే ముందు ఆర్డర్లు గబగబా వచ్చాయి. మీకు ఆ టైంలో ఆర్డర్లు పెరుగుతున్నాయా?

మగ్గం_కొత్తవాడ
లేదు. ఏడు దాకా మామూలుగా వస్తాయి, ఆ తర్వాత ఒక్కటి కూడా ఉండదు. కార్ట్‌లో వేసుకున్నవాళ్లు కూడా మధ్యలోనే పోతున్నారు.

హంటర్‌రోడ్_అడ్మిన్
సర్వర్ల పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఎంత రద్దీ ఉంటుందో అందరికీ తెలుసు. ఆ గేటు ముందు ఎవరో వందల ఖాళీ ట్రాలీలు తెచ్చి నిలబెట్టారనుకోండి. ఒక్కదాంట్లో కూడా బస్తా లేదు, కానీ లోపలికి పోతామని లైన్‌లో ఉంటాయి. నిజంగా మిర్చి తెచ్చిన రైతు రోడ్డు మీదే ఆగిపోతాడు. మార్కెట్‌లో ఏ వస్తువూ పోలేదు, ఏ తాళమూ పగలలేదు, అయినా వ్యాపారం బంద్. డీడాస్ ఇదే. మీ సైట్‌లోకి ఎవరూ చొరబడలేదు, కస్టమర్ల వివరాలు ఈ దాడితో పోవు. మీ వాకిలి మూసేశారు, అంతే. ఒకే చోటి నుంచి వస్తే ఆ ఒక్క ఐపీని, అంటే ఇంటర్నెట్‌లో ఆ పరికరం అడ్రస్‌ను, ఆపేస్తే సరిపోయేది. వేల చోట్ల నుంచి ఒకేసారి వస్తుంది కాబట్టే కష్టం.

గిరాకీనా దాడా అని తేల్చడానికి ఊహలు అక్కర్లేదు, లాగ్స్ ఉన్నాయి. మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో యాక్సెస్ లాగ్ అని, ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో రాసిన చిట్టా ఉంటుంది. ఏడు నుంచి పది మధ్యది డౌన్‌లోడ్ చేయండి. నిజమైన మనిషి వస్తే హోమ్ పేజీ తీస్తాడు, ఆ వెంటనే బొమ్మలు, డిజైన్ ఫైళ్లు అన్నీ దిగుతాయి, తర్వాత ఏదో ఒక దర్రీ మీద నొక్కుతాడు. బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) అయితే ఒకే పేజీని పదే పదే అడుగుతుంది, బొమ్మలు తీసుకోదు. ఏ దేశాల నుంచి వస్తున్నాయో కూడా చూడండి. నాలుగు లైన్లు ఇక్కడ రాయండి, కస్టమర్ల ఐపీలు మాత్రం పెట్టొద్దు.

ఓరుగల్లు_పోరడు
అడ్మినన్నా, ఎనుమాముల ట్రాలీల మాట మా నాయనకు చదివి వినిపించిన, ఒక్క దెబ్బకు అర్థమైంది ఆయనకు.

మిర్చి_బేరం
వ్యాపారిగా నా మాట చెప్తా, తిట్టినా సరే. వాళ్లు అడిగింది పెద్ద మొత్తం కాకపోతే ఇచ్చి వదిలించుకోండి. సీజన్ పోతే మళ్లీ ఏడాది ఆగాలి. లాగ్స్ చూసుకుంటూ కూర్చుంటే నేసినవాళ్లకు పైసలు ఎవరిస్తారు? నీతి మాటలు గిరాకీ లేనప్పుడు చెప్పుకోవచ్చు.

కరీంనగర్_కోచింగ్
మిర్చి అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఇస్తే వదులుతారని ఎవరు చెప్పారు? 2015 నవంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్‌మెయిల్ అనే ఈమెయిల్ కంపెనీ మీద ఇలాగే దాడి జరిగింది. వాళ్లు అడిగినట్టు 15 బిట్‌కాయిన్లు కట్టారు, అప్పటి లెక్కలో దాదాపు 6 వేల డాలర్లు. కట్టాక కూడా దాడి ఆగలేదు. కట్టి ఉండాల్సింది కాదని తర్వాత వాళ్లే బహిరంగంగా చెప్పారు.

హంటర్‌రోడ్_అడ్మిన్
ఇంకొకటి. 2016లో ఆర్మడా కలెక్టివ్ అనే పేరు వాడుకుని ఎవరో చాలా కంపెనీలకు బెదిరింపు మెయిళ్లు పంపారు. చాలామందికి ఒకే బిట్‌కాయిన్ అడ్రస్ ఇచ్చారు. అంటే ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో వాళ్లకే తెలిసే దారి లేదు. ఆ మెయిల్ అందుకున్న ఒక్కరి మీద కూడా దాడి జరిగినట్టు కనబడలేదని ఇలాంటి దాడుల నుంచి సైట్లను కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ అప్పట్లో రాసింది. అయినా భయంతో కట్టినవాళ్లున్నారు. మిర్చి అన్నా, బేరంలో అవతలివాడు మాట తప్పితే మార్కెట్‌లో అతని పరువు పోతుంది. ఇక్కడ అవతల ముఖమే లేదు, పోవడానికి పరువూ లేదు. ఒకసారి కట్టినవాళ్ల పేరు జాబితాలోకి ఎక్కుతుంది.

మిర్చి_బేరం
కట్టినా ఆగకపోతే మాత్రం దండగే. కానీ కట్టకుండా ఏం చేయాలో కూడా చెప్పండి మరి, వద్దు వద్దు అంటే సరిపోదు.

మగ్గం_కొత్తవాడ
లాగ్ తీశాను. మా చెల్లెలి కొడుకు కూర్చుని చూశాడు. దాదాపు అన్నీ మా సైట్‌లో సెర్చ్ బాక్స్‌కు వస్తున్నవే. వెతికే మాట ఏదో అర్థం లేని అక్షరాలు, ప్రతిసారీ వేరే అక్షరాలు. బొమ్మలు ఏవీ దిగలేదు. బ్రెజిల్, వియత్నాం, ఇండోనేషియా, ఇండియా నుంచి కూడా ఉన్నాయి. ఒక్కో ఐపీ నుంచి కొన్ని మాత్రమే, కానీ ఐపీలు మాత్రం వేలల్లో ఉన్నాయి.

కాజీపేట_జంక్షన్
ఇంకేం, డీడాసే. వియత్నాంలో కూర్చుని కొత్తవాడ దుప్పట్ల కోసం అర్థం లేని అక్షరాలతో ఎవరు వెతుకుతారు.

హంటర్‌రోడ్_అడ్మిన్
అవును, ఇది హెచ్‌టీటీపీ ఫ్లడ్, అంటే మామూలు పేజీ రిక్వెస్టులతోనే ముంచేసే దాడి. సెర్చ్‌నే ఎందుకు పట్టుకున్నారో చెప్తా. మీ హోమ్ పేజీ ఒకసారి తయారై క్యాష్‌లో ఉంటుంది, ఎంతమంది అడిగినా అదే కాపీ ఇచ్చేయొచ్చు. సెర్చ్ అట్లా కాదు. ప్రతిసారీ కొత్త మాట వస్తే ప్రతిసారీ డేటాబేస్ మొత్తం వెతకాలి. పంపేవాడికి ఒక చిన్న లైన్ ఖర్చు, మీ సర్వర్‌కు బోలెడు పని. పెద్ద ప్లాన్ తీసుకున్నా ఏమీ మారకపోవడానికి కారణం ఇదే. ఇంకా పెద్దది తీసుకున్నా వాడు ఇంకొన్ని బాట్లు కలుపుతాడు, మీ బిల్లు పెరుగుతుంది అంతే. క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరిగేది) పెట్టుకున్నవాళ్ల పరిస్థితి మరీ ఘోరం, సైట్ నిలబడుతుంది కానీ నెలాఖరు బిల్లు చూసి మనిషి పడిపోతాడు.

చేయాల్సింది చెప్తున్నా. సైట్ ముందు డీడాస్ రక్షణ ఉన్న సీడీఎన్ (జనానికీ మీ సర్వర్‌కూ మధ్య నిలబడి పేజీలు అందించే సర్వర్ల వ్యవస్థ) పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ 2017 సెప్టెంబర్ నుంచి ఉచిత ప్లాన్‌లో కూడా దాడి ఎంత పెద్దదైనా లెక్కపెట్టకుండా ఆపుతామని ప్రకటించింది, మీలాంటి షాపుకు మొదలుపెట్టడానికి అది చాలు. పెద్ద కంపెనీలు కొనే అమెజాన్ షీల్డ్ అడ్వాన్స్‌డ్ లాంటివి నెలకు 3 వేల డాలర్లు, ఏడాది ఒప్పందం, అటువైపు చూడొద్దు. తర్వాత సెర్చ్‌కు రేట్ లిమిట్, అంటే ఒకరు ఇంత సమయంలో ఇన్నిసార్లే అడగాలనే హద్దు, పెట్టండి. అవసరమైతే పండగ అయ్యేదాకా సెర్చ్ బాక్స్ తీసేయండి. మీ దగ్గర ఉన్నవి ఎన్ని రకాలు? క్యాటగిరీలు పెడితే జనం వెతుక్కుంటారు. మీ సైట్ వర్డ్‌ప్రెస్‌తో చేసిందైతే ఎక్స్ఎంఎల్‌ఆర్‌పీసీ (బయటి యాప్‌లు సైట్‌తో మాట్లాడే పాత దారి) కూడా మూసేయండి, మీకు దానితో పని ఉండదు.

కేబుల్‌నెట్_జనగామ
అడ్మిన్ చెప్పినదానికి ఒక ముఖ్యమైన చేర్పు. సీడీఎన్ పెట్టినంత మాత్రాన కాదు, మీ అసలు సర్వర్ ఐపీ వాడికి ఇప్పటికే తెలుసు. పాత డీఎన్ఎస్ రికార్డులు (ఏ సైట్ పేరుకు ఏ ఐపీయో చెప్పేవి) చూపించే సైట్లు ఉన్నాయి, మెయిల్ అదే సర్వర్ మీద ఉంటే ఆ రికార్డులో కూడా కనిపిస్తుంది. ముందు తలుపు మూస్తే వాడు నేరుగా ఆ ఐపీకే కొడతాడు. కాబట్టి హోస్టింగ్ వాళ్లను అడిగి కొత్త ఐపీ తీసుకోండి, ఫైర్‌వాల్‌లో సీడీఎన్ ఐపీల నుంచి తప్ప వేరే ఎక్కడి నుంచీ వెబ్ ట్రాఫిక్ రాకుండా చేయండి, మెయిల్ వేరే చోటికి మార్చండి. ఈ పని చేయకుండా సీడీఎన్ పెట్టించుకుని 'పని చేయలేదు' అని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశా.

పసుపు_నిజామాబాద్
హోస్టింగ్ వాళ్లే మన సైట్ ఆపేస్తారని విన్నాను, నిజమా? అది వాళ్ల పని కాదా కాపాడటం?

కేబుల్‌నెట్_జనగామ
నిజమే, దానికి కారణం ఉంది. నేను చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్‌ను, నా వైపు నుంచి చెప్తా. దాడి హెచ్‌టీటీపీ కాకుండా ఊరికే ట్రాఫిక్ గుమ్మరించే రకమైతే లైన్ మొత్తం నిండిపోతుంది. దీంట్లో ఒక కిటుకు ఉంటుంది. వాడు మీ ఐపీని తన అడ్రస్ అన్నట్టు దొంగగా రాసి, ఎక్కడో తెరిచి ఉన్న డీఎన్ఎస్ సర్వర్‌కు చిన్న ప్రశ్న పంపుతాడు. ఆ సర్వర్ పెద్ద జవాబును మీకు పంపుతుంది. డీఎన్ఎస్‌తో అది 28 నుంచి 54 రెట్ల దాకా పెరుగుతుంది. మెమ్‌క్యాష్డ్ అనే, డేటాను మెమరీలో దాచే సర్వర్లతో అయితే 51 వేల రెట్ల దాకా. 2018 ఫిబ్రవరి 28న ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే గిట్‌హబ్ సైట్ మీద సెకనుకు 1.35 టెరాబిట్లు కొట్టింది ఆ మెమ్‌క్యాష్డ్ పద్ధతిలోనే. అంత నా లైన్ మీద పడితే మీ ఒక్క ఐపీ కోసం మిగతా కస్టమర్లందరికీ నెట్ పోతుంది. అప్పుడు పైనున్న ప్రొవైడర్‌కు చెప్పి ఆ ఐపీకి వచ్చే ట్రాఫిక్ అంతా పారబోయిస్తాం, నల్ రూట్ అంటాం దాన్ని. మిగతావాళ్లు బతుకుతారు, మీ సైట్ మాత్రం పూర్తిగా పోతుంది, అంటే దాడి చేసినవాడు కోరుకున్నది మేమే చేసిపెట్టినట్టు. నాకు కూడా ఆ పని చేయాలంటే మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ చిన్న ప్రొవైడర్ చేతిలో అంతకంటే లేదు. అందుకే హోస్టింగ్ తీసుకునేటప్పుడే అడగాలి, దాడి జరిగితే దొంగ ట్రాఫిక్‌ను వడకట్టి మిగతాది పంపుతారా, నల్ రూట్ చేస్తారా, ఎన్ని గంటలు చేస్తారు అని.

ఓరుగల్లు_పోరడు
నాకు అర్థం కానిది ఒక్కటే, కొత్తవాడలో జంపఖానాలు అమ్మే షాపు మీద ఎవడికి ఇంత పగ? ఇంత పెద్ద సెటప్ పెట్టుకుని వచ్చి దుప్పట్ల మీద పడతాడా?

కరీంనగర్_కోచింగ్
సెటప్ ఎవడూ పెట్టుకోడు తమ్మీ, కిరాయికి దొరుకుతుంది. వెబ్‌స్ట్రెసర్ అని ఒక సైట్ ఉండేది, 2018 ఏప్రిల్‌లో యూరప్ పోలీసులు మూసేయించారు. నెలకు 15 యూరోల నుంచే కిరాయి, 1,36,000 మంది రిజిస్టర్డ్ యూజర్లు. అలాంటివి మూసేసిన కొద్దీ వేరే పేరుతో వస్తుంటాయి. 2022 డిసెంబర్‌లో అమెరికాలో 48 డొమైన్లు ఒకేసారి పట్టుకున్నారు. మా దగ్గర కూడా జరిగింది. మా ఆన్‌లైన్ మాక్ టెస్టు పెట్టిన ప్రతి ఆదివారం పరీక్ష మొదలైన కాసేపటికే పోర్టల్ పడిపోయేది. చివరికి తేలింది ఏమిటంటే ర్యాంకు తగ్గుతుందని భయపడిన ఒక పిల్లవాడి పని. వాడికి నెట్‌వర్క్ అంటే ఏంటో కూడా తెలియదు, కార్డుతో కట్టి అడ్రస్ టైప్ చేశాడు అంతే. తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాం. వాడిని తలుచుకుంటే ఇప్పటికీ కోపం కంటే బాధే ఎక్కువ, ఆ రోజు పరీక్ష రాయలేకపోయిన పల్లెటూరి పిల్లలను తలుచుకుంటే మాత్రం కోపమే. ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చి రాసేవాళ్లు వాళ్లు.

మిర్చి_బేరం
అంటే పోటీ దుకాణంవాడు కూడా చేయించొచ్చు.

కరీంనగర్_కోచింగ్
చేయించొచ్చు. కానీ రుజువు లేకుండా ఎవరినీ అనుమానించకండి అక్కా, ఊళ్లో తగువులు అవుతాయి.

లాయరమ్మ_సుబేదారి
చట్టం సంగతి నేను చెప్తాను. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43లో ఇ, ఎఫ్ క్లాజులు చూడండి. కంప్యూటర్ పనికి అంతరాయం కలిగించడం, హక్కు ఉన్నవాళ్లను అందులోకి రాకుండా అడ్డుకోవడం రెండూ ఉన్నాయి. అదే పని మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పైసలు అడిగారు కాబట్టి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308, బలవంతపు వసూలు కూడా వస్తుంది. మీరు కట్టకపోయినా సరే, వసూలు కోసం బెదిరించడం కూడా ఆ సెక్షన్‌లోనే నేరం. వరంగల్‌లో సైబర్ క్రైమ్ ఠాణా ఉంది, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 1930 నంబర్ ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు వెంటనే ఆపడానికి, మీకు డబ్బు పోలేదు కాబట్టి పోర్టల్ లేదా ఠాణా మేలు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డీడాస్ లాంటి ఘటన గమనించిన 6 గంటల లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. ఇప్పటికే టైం దాటిందని ఊరుకోకండి, ఇప్పుడైనా మెయిల్ చేయండి.

కాజీపేట_జంక్షన్
మేడం, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఠాణాకు పోతే ఏం లాభం? చేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. నేను ఒకసారి వేరే కేసులో పోతే డీడాస్ అంటే ఏందో వివరించడానికే పూట గడిచింది.

లాయరమ్మ_సుబేదారి
వాడిని రేపే పట్టుకుంటారని నేను చెప్పడం లేదు. ఫిర్యాదు కాగితం చేతిలో ఉంటే హోస్టింగ్ కంపెనీ కూడా మీ మాట వేరేలా వింటుంది, బీమా ఉంటే అక్కడ పనికొస్తుంది, అదే ముఠా ఇంకో నలుగురిని బెదిరిస్తే కేసులన్నీ కలుస్తాయి. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే ఈ నేరం జరుగుతున్నట్టే లెక్కలోకి రాదు. చేసినవాళ్లు దొరకరన్నది కూడా నిజం కాదు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (వైరస్‌తో పట్టుకుని దాడికి వాడే పరికరాల గుంపు) తయారుచేసిన ముగ్గురు కుర్రాళ్లు అమెరికాలో దొరికారు, 2017లో నేరం ఒప్పుకున్నారు.

ఓరుగల్లు_పోరడు
మిరాయ్ అంటే ఆ కెమెరాల కథేనా?

సీసీకెమెరా_పరకాల
అవును, అది నా లైన్ కాబట్టి నేను చెప్తా. మిరాయ్ వైరస్ కంప్యూటర్లను పట్టుకోలేదు. సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టెలు), ఇంటి రౌటర్లను పట్టుకుంది. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసినవి వెతికి, 60కి పైగా మామూలు యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ జతలు ఒకటొకటిగా కొట్టి చూసేది, అంతే. 2016 అక్టోబర్ 21న ఆ కెమెరాలతోనే డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీని కొడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ చాలామందికి గంటల పాటు అందలేదు. ఆ కోడ్ బయట పడేశారు కాబట్టి దాని పిల్లలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2024 అక్టోబర్‌లో సెకనుకు 5.6 టెరాబిట్ల దాడి జరిగింది, అది కూడా మిరాయ్ రకమే, దాదాపు 13 వేల పరికరాల నుంచి.

మగ్గం అక్క లాగ్‌లో ఇండియా ఐపీలు కూడా ఉన్నాయన్నారు చూడండి, అక్కడ నాకు గుండె గుభేల్‌మంది. పరకాల, హన్మకొండ, భూపాలపల్లిలో ఏ దుకాణానికి పోయినా డీవీఆర్ పాస్‌వర్డ్ అడ్మిన్, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు తెరిచి వదిలేస్తారు. బిగించినవాళ్లు మళ్లీ తిరిగి చూడరు. ఆ దుకాణదారుడికి ఏ నష్టమూ కనబడదు, కెమెరా మామూలుగానే పనిచేస్తుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఓరుగల్లు_పోరడు
మన ఊరి కెమెరాలు వీసా లేకుండానే అమెరికా పోయొస్తున్నాయన్నమాట. ఇప్పుడే మా నాయన కిరాణా షాపుకు పోయి పాస్‌వర్డ్ మారుస్తా.

సీసీకెమెరా_పరకాల
పాస్‌వర్డ్‌తో పాటు ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయి తమ్మీ, రౌటర్‌లో బయటి నుంచి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డ్, యూపీఎన్‌పీ ఆపేయి. చేసినాక కరెంటు తీసి మళ్లీ పెట్టు. మిరాయ్ మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది, కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో మళ్లీ ఎక్కుతుంది.

కాజీపేట_జంక్షన్
నా సలహా వేరు. ఇండియా తప్ప మిగతా దేశాలన్నీ బ్లాక్ చేసేయండి. బ్రెజిల్‌కు మీరు పంపేది ఏమీ లేదు కదా.

డల్లాస్_హన్మకొండ
అయ్యో, ఆ పని చేయకండి. మాలాంటివాళ్లు ఇక్కడి నుంచే కొని హన్మకొండలో అమ్మకు, అత్తమ్మకు పంపిస్తాం. బతుకమ్మకు మీ సైట్ లాంటి చోటనే వెతుకుతాం. ఇక్కడ మాకు పొద్దున అయినప్పుడు మీకు అక్కడ సాయంత్రం, మీ సైట్ పడిపోయే టైం కూడా అదే.

మగ్గం_కొత్తవాడ
నిజమే, బయటి దేశాల నుంచి కొనేవాళ్లు మాకు తక్కువ కాదు. అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియా ఆపలేను.

హంటర్‌రోడ్_అడ్మిన్
దేశాలు పూర్తిగా ఆపక్కర్లేదు. మీకు ఎప్పుడూ ఆర్డర్ రాని దేశాల నుంచి వచ్చేవాళ్లకు మనిషా బాటా అని పరీక్షించే ఛాలెంజ్ పేజీ చూపించండి, మనిషి అయితే దాటి వస్తాడు. ఇంకో జాగ్రత్త. ఐపీ లెక్కన రేట్ లిమిట్ మరీ తక్కువ పెట్టొద్దు. మన మొబైల్ నెట్‌వర్కుల్లో వందలాది మంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు. నిమిషానికి పది రిక్వెస్టులు దాటితే బ్లాక్ అని పెడితే బాట్ కంటే ముందు మన హన్మకొండ కస్టమర్లే బయట పడతారు. సెర్చ్, లాగిన్, ఓటీపీ పేజీలకు మాత్రమే గట్టిగా పెట్టండి, మిగతావి వదులుగా ఉంచండి.

పసుపు_నిజామాబాద్
ఓటీపీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దాన్ని మర్చిపోకండి. మా సైట్‌లో ఓటీపీ పంపే పేజీని బాట్లు పట్టుకుని ఎవరెవరి నంబర్లకో మెసేజ్‌లు పంపించాయి. సైట్ ఒక్క నిమిషం కూడా పడలేదు, ఎస్ఎంఎస్ బ్యాలెన్స్ మాత్రం పొద్దునకల్లా సున్నా. కస్టమర్‌కు ఓటీపీ పోక ఆర్డర్లు ఆగాయి. ఇది కూడా ఒక రకం డీడాసే నా లెక్కలో.

కేబుల్‌నెట్_జనగామ
దాన్ని డీడాస్ అనరు కానీ నష్టం మాత్రం నష్టమే.

మిర్చి_బేరం
ఇంత తలనొప్పి ఎందుకు, సైట్ మూసి వాట్సాప్‌లో అమ్ముకోండి. లేదంటే పెద్ద ఈ-కామర్స్ సైట్లలో పెట్టండి, వాళ్ల సర్వర్లు ఎవడూ పడగొట్టలేడు.

మగ్గం_కొత్తవాడ
పెట్టి చూశాం మిర్చి అన్నా. కమీషన్, రిటర్న్ ఖర్చు పోను చేతితో నేసిన దర్రీకి మిగిలేది ఏమీ ఉండదు, పక్కనే మిషన్ మీద చేసినవి సగం ధరకు వరంగల్ పేరుతోనే కనిపిస్తాయి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకు అన్న అధికారిక గుర్తింపు, వచ్చింది. ఆ సంగతి, ఎవరు నేశారు, ఎట్లా నేశారు అన్నది చెప్పుకునే చోటు మాకు సొంత సైట్ ఒక్కటే. దాన్ని మూసుకుంటే మాకూ మామూలు దుప్పట్ల దుకాణానికీ తేడా ఏముంటుంది? వాట్సాప్‌లో మాత్రం ఈ వారం ఆర్డర్లు తీసుకుంటున్నాం, అది మంచి మాట.

కరీంనగర్_కోచింగ్
సొంత సైట్ వదలకండి. సైట్ పడినప్పుడు చూపించడానికి ఒక మామూలు స్టాటిక్ పేజీ సీడీఎన్‌లో పెట్టండి, ఫోన్ నంబర్, వాట్సాప్ లింకు, నాలుగు ఫొటోలు. డేటాబేస్ అక్కర్లేదు కాబట్టి దాన్ని పడగొట్టడం కష్టం. మేము మాక్ టెస్టుకు అట్లనే పెట్టుకున్నాం.

మగ్గం_కొత్తవాడ
అప్‌డేట్. అడ్మిన్ తమ్ముడు, జనగామ అన్న చెప్పినట్టు సీడీఎన్ పెట్టించాం, కొత్త ఐపీ తీసుకున్నాం, మెయిల్ వేరే చేశాం, సెర్చ్ తీసేశాం. హోస్టింగ్ వాళ్లు కొత్త ఐపీకి మొదట ఒప్పుకోలేదు, పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు నంబర్ చెప్పాక ఇచ్చారు, లాయర్ మేడం మాట నిజమైంది. నిన్న ఏడింటికి మళ్లీ మొదలైంది, సీడీఎన్ గ్రాఫ్ నిలువునా లేచింది, సైట్ మాత్రం తెరుచుకునే ఉంది. కానీ కొత్త సమస్య. కస్టమర్లు పైసలు కడుతున్నారు, వాళ్ల ఖాతాలో కట్ అవుతున్నాయి, మా దగ్గర మాత్రం ఆర్డర్ పెండింగ్ అనే ఉంటోంది. ఒకామె ఫోన్ చేసి మోసం చేశారని అరిచింది. ఇదేంటి?

హంటర్‌రోడ్_అడ్మిన్
అర్థమైంది. కస్టమర్ డబ్బు కట్టగానే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే కంపెనీ) సర్వర్ మీ సైట్‌కు ఒక కబురు పంపుతుంది, వెబ్‌హుక్ అంటారు. అది మనిషి కాదు, మెషీన్. మీరు మొత్తం సైట్‌కు ఛాలెంజ్ పెట్టినట్టున్నారు, అందుకే గేట్‌వేను కూడా బాట్ అనుకుని ఆపేస్తోంది. వెబ్‌హుక్ వచ్చే ఆ ఒక్క అడ్రస్‌కు ఛాలెంజ్ లేకుండా రూల్ రాయండి. గేట్‌వే వాళ్ల డాక్యుమెంట్‌లో వాళ్ల ఐపీలు ఉంటే వాటిని మాత్రమే అనుమతించండి. వెబ్‌హుక్‌లో వచ్చే సంతకం సరిచూడటం మాత్రం ఆపొద్దు, లేకపోతే ఎవడైనా దొంగ కబురు పంపి కట్టినట్టు చూపిస్తాడు. పెండింగ్‌లో ఉన్నవి గేట్‌వే డ్యాష్‌బోర్డుతో పోల్చి చేతితో సరిచేయండి, ఈ రాత్రే చేయండి, కస్టమర్లకు మీరే ముందు ఫోన్ చేయండి.

పసుపు_నిజామాబాద్
ఇది బంగారం లాంటి సమాచారం అన్నా. మా సైట్‌లో కూడా చూసుకోవాలి.

ఓరుగల్లు_పోరడు
ఆ అరిచిన ఆమెకు ఒక దుప్పటి ఫ్రీగా పంపు అక్కా, చల్లబడుతుంది.

డల్లాస్_హన్మకొండ
అరవడానికి నేను కూడా రెడీ, ఎర్ర అంచు జంపఖానా అయితే.

మగ్గం_కొత్తవాడ
రూల్ రాశాం, పెండింగ్‌లో ఉన్నవన్నీ సరిచేశాం, ఆమెకు ఫోన్ చేసి చెప్తే ఇంకో దర్రీ కూడా ఆర్డర్ పెట్టింది. మెయిల్ వాళ్లు రెండోసారి రాశారు, ఈసారి అడిగింది సగమే. జవాబివ్వలేదు. మా ఆయన కూడా ఇప్పుడు వద్దనే అంటున్నారు. ఠాణాకు రేపు పోతున్నాం, ఏమేం తీసుకెళ్లాలి మేడం?

లాయరమ్మ_సుబేదారి
రెండు మెయిళ్లూ డిలీట్ చేయొద్దు. ఫార్వర్డ్ చేస్తే హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వివరాలు) పోతాయి, ఒరిజినల్‌ను ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. వాళ్లిచ్చిన బిట్‌కాయిన్ అడ్రస్, యాక్సెస్ లాగ్స్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో, మీ దగ్గర ఇంకో కాపీ. సైట్ ఏ రోజు ఏ టైంకు పడింది, ఎప్పుడు లేచింది ఒక కాగితం మీద వరుసగా రాయండి. మామూలు రోజు సాయంత్రం అమ్మకం ఎంత, ఆ రోజుల్లో ఎంత అన్నది కూడా రాయండి, నష్టం చూపించడానికి అదే ఆధారం. సైట్ మీ పేరు మీదే ఉందని చూపే డొమైన్ బిల్లు, షాపు రిజిస్ట్రేషన్ కాపీ కూడా పెట్టుకోండి.

కాజీపేట_జంక్షన్
లాగ్స్ ఇచ్చేటప్పుడు ఒక పేజీలో తెలుగులో సారాంశం రాసి పైన పెట్టండి అక్కా. నాకు పూట పట్టింది మీకు పట్టకుండా ఉంటుంది. కావాలంటే నేను రాసిపెడతా, లాగ్ పంపండి.

మగ్గం_కొత్తవాడ
పంపుతున్నాను అన్నా, మెసేజ్ చూడండి.